ఎడమ చక్రం చప్పుడు ఆగినప్పుడు

మా చిన్నప్పుడు సొంత బండి ఉండేది కనక, నేను తోచినప్పుడల్లా ఎక్కి పుట్టింటికి పోయేదాన్నని కిందటి ఉత్తరంలో రాశావు, సుందరీ. బండి ఉండేది... నిజమే. ఎక్కేదాన్ని... అదీ నిజమే. తోచినప్పుడల్లా అన్నావు చూడు, అది మాత్రం నీ సొంత కల్పన.

మా నాన్నగారు ధవళేశ్వరంలో పిల్లలకు చదువు చెప్పేవారు. గూడుబండి ఉంది గాని, బండివాణ్ణి పెట్టుకునే స్తోమత లేదు. ఇరుసుకి కందెన ఆయనే వేసుకునేవారు. మూకుట్లో ఆముదం పోసి, కాల్చిన గడ్డి మసి కలిపి ముద్ద చేయడం నా పని. చేతులు మసి, ముక్కు మసి... ఆ పూటంతా అమ్మ నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

నాన్నగారు చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని వినమనేవారు. పొడిబారిన ఇరుసు కీచుమంటుంది. చక్రం జారిపోకుండా ఇరుసు కొసన ఇనుప చీల గుచ్చి, ఆ చీల ఊడకుండా దాని చిల్లులోంచి తాడు దూర్చి కడతారు. చక్రం పక్కకి ఊగినప్పుడల్లా చీలకి తగిలి ఠక్కుమంటుంది.

"ఠక్కుమన్నంతసేపూ నిద్రపో. ఆగిందా, లే" అనేవారు.

అక్షరాలతో పాటు ఇదీ నేర్పారు. అక్షరాలకంటే ముందు ఇదే అక్కరకొచ్చింది.

పదకొండో ఏట నన్ను ద్రాక్షారామం దగ్గర అత్తవారి పల్లెకి పంపారు. నాలుగు రోజులుంచుకుని పంపేస్తామన్నారు... నాలుగు నెలలయింది. మీ తాతయ్య రాజమండ్రిలో చదువుకుంటున్నారు. ఆ ఇంట్లో నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఒకసారి పుట్టింటికి బయలుదేరదీశారు. బండి వీధి మలుపు తిరుగుతుంటే ఎవరో తుమ్మారు. అంతే... వెనక్కి తిప్పి ఎద్దుల్ని విప్పేశారు. నా మూటా విప్పేశారు.

మళ్ళీ మంచిరోజు కుదిరింది. పొద్దున్నే మామగారు తన చేత్తో కందెన వేశారు. బండిని ఇంకొకరు ముట్టుకోవడం ఆయనకి గిట్టదు. తోలేదీ ఆయనే. గూడులో అత్తగారు, ఆవిడ ఒళ్ళో మా ఆడపడుచు కొడుకు చంటివాడు, ఓ మూల నేను. రెండువైపులా తెరలు. ఎండ, ఉక్క, ఆముదం కంపు... ఎక్కడున్నామో తెలియాలంటే చెవులే గతి.

సగం దారి వచ్చాం. కాలవ గట్టు ఎక్కాం. కాలవ ఎడం పక్క.

ఎడమ చక్రం చప్పుడు ఆగిపోయింది.

"హమ్మయ్య, ఇప్పుడు చక్కగా సద్దు లేకుండా పోతోంది" అన్నారు అత్తగారు, చంటివాణ్ణి జోకొడుతూ.

చెబితే బండి ఆగుతుంది. దారిలో ఆగిన బండి వెనక్కే పోతుందని తుమ్మిన నాడే తెలుసుకున్నాను. చెప్పకపోతే... సాయంత్రానికి అమ్మ దగ్గరుండొచ్చు. కాలవలోనూ ఉండొచ్చు. పైగా మామగారు వేసిన కందెనకి వంక పెట్టేది పదకొండేళ్ళ కోడలా...

నోరు మూసుకున్నాను సుందరీ. ఎంతసేపని అడగకు. చంటివాడు నా గాజు పట్టుకుని లాగి, బోసినోటితో నవ్వేదాకా.

కొత్త కోడలు మామగారితో మాట్లాడకూడదు. తప్పనిసరైతే గోడకో, పసిపిల్లకో చెప్పాలి... ఆయన వింటారు. నేను చంటివాడికి చెప్పాను.

"చంటీ, ఎడమ చక్రానికి చీల లేదని తాతగారితో చెప్పు నాన్నా."

అత్తగారు నా తొడ మీద గిల్లారు. ముందునుంచి జవాబు వచ్చింది, అదీ చంటివాడికే.

"ఒరే చంటీ, పొద్దున్న నా చేత్తో పెట్టానని మీ అత్తతో చెప్పు."

"పెట్టారట. ఇప్పుడు లేదని చెప్పు నాన్నా."

బండి ఆగింది. మామగారు దిగారు. తెర సందులోంచి చూశాను... చక్రం నాలుగు వేళ్ళ మేర బయటికి జారి ఉంది. చీల పెట్టారు గాని తాడు కట్టడం మరిచారు. ఆ సంగతి ఆయనా అనలేదు, చంటివాడి చేత నేనూ అనిపించలేదు.

చక్రం లోపలికి నెట్టి, తుమ్మకొమ్మ చెక్కి చీలలా గుచ్చారు. ముందుకెంత దూరమో వెనక్కీ అంతే. ఆ కొమ్మ ఎటైనా తీసుకుపోయేది. అత్తగారు మాత్రం అపశకునం అన్నారు.

తెర మూసి ఉంటే ఏమీ కనబడదు గాని, కుడి తెర మీదున్న ఎండ మెల్లిగా జరిగి ఎడమ తెర మీదకి వచ్చింది. అలా తెలిసింది, బండి తిరిగిందని.

తర్వాత మూఢం వచ్చింది. అది వెళ్ళేసరికి వరి ఊడ్పులు. అమ్మని చూసేసరికి ఇంకో అయిదు నెలలు.

మర్నాడు పొద్దున్న పెరటి గుమ్మంలో ఆముదం మూకుడు, మసిగుడ్డ పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆ రోజునుంచి మామగారు ఉన్నంతకాలం ఆ బండికి కందెన నాదే. బండి ఏ వూరు పోవాలో వాళ్ళు చెప్పేవారు... పోగలదో లేదో నేను చెప్పేదాన్ని, మొదట చంటివాడికి, వాడు పెద్దవాడయ్యాక దూడకి. ఎన్ని ఊళ్ళకి పంపానో. వాటిలో నన్నెక్కించుకున్నవి వేళ్ళమీద లెక్క.

ఇప్పుడు మీరు టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కుతున్నారు. ఎవరు తుమ్మినా అది ఆగదు. చాలా సంతోషం. కాని మొన్న నేనూ ఎక్కాను కదా... అన్ని చక్రాలు ఒక్కసారి మోగుతుంటే ఏది ఏమంటోందో ఒక్కటీ తెలియలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను, నిద్ర మాత్రం పట్టలేదు.

ఇది నీ స్నేహితురాళ్ళకి చదివి వినిపించు. వాళ్ళ నాయనమ్మలు ఏ తెర వెనక ఏం విన్నారో అడిగి రాయమను.

ఇంకో పని. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి దగ్గర మన బండి పాత చీల ఉంది, అరిగిపోయింది. అదే కొలతకి మీ రాజమండ్రి కమ్మరి చేత కొత్తది కొట్టించి పంపు. వచ్చే వారం నిన్ను చూడ్డానికి బండి మీదే వస్తున్నాను, ముహూర్తం అడగలేదు. చీలకి చిల్లు మరిచిపోనివ్వకు. పెట్టానని కమ్మరి అంటాడు... అన్నా సరే, నువ్వే తాడు దూర్చి చూసుకో.