మా బిడ్డ దూప అంది

మా బిడ్డకు ఏడేళ్లప్పుడు బడి నుంచి ఒక రిపోర్టు వచ్చింది. గుజరాతీలో ఉంటే పక్కింటి కాలేజీ అమ్మాయి చదివి చెప్పింది. ఏం చెప్పినా పిల్ల అర్థం చేసుకోదు. ఒక్క మాట తప్ప రాదు. ఎండంటే భయం.

మొదటి రెండూ మింగాను. బిడ్డ మూడేళ్లు దాటాక నడిచింది, దానికి అన్నీ ఆలస్యమే. మూడోది మాత్రం మింగుడుపడలేదు. మేం బతకొచ్చిన ఈ నవాగామ్ గల్లీలో పొద్దంతా చెప్పుల్లేకుండా ఆడే పిల్లకు ఎండంటే భయమా?

"బడోళ్లతోని లొల్లి ఎందుకే?" అన్నాడు మా ఆయన. పన్నెండు గంటలు కరెంటు మగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపి వచ్చిన మనిషి. కాసేపటికి తనే, "జర నువ్వే పోయి అడుగు. నాకు డ్యూటీ ఉన్నది," అన్నాడు.

ఆ వారమే మా బిడ్డలా అన్నీ ఆలస్యమయ్యే పిల్లల తల్లిదండ్రులకు మీటింగు పెట్టారు. మామూలుగా సంతకం చేసి, చాయ్ తాగి వచ్చేస్తాం. ఆ రోజు లేచి నిలబడ్డాను. నాకొచ్చిన హిందీలో, ఎండంటే భయమని ఎందుకు రాశారని అడిగాను.

ఆ పిల్లల టీచరమ్మది చిన్న వయసు. "రోజూ ధూప్, ధూప్ అని ఏడుస్తుంది. ధూప్ అంటే ఎండే కదా, అందుకని పరదా వేస్తాను. అయినా ఏడుపు ఆపదు," అంది.

"మేడమ్, అది ఎండ కాదు. మా భాషలో దూప అంటే దాహం. నా బిడ్డ నీళ్లు అడుగుతోంది!"

టీచరమ్మ ముఖం పాలిపోయింది. పక్క గదిలోంచి బిడ్డను తీసుకొచ్చి, తన సీసాలోని నీళ్లు తాగించింది. తర్వాత బొమ్మల కార్డులు నా చేతిలో పెట్టి, "మీరు అడగండి," అంది.

"ఆవు ఏది బిడ్డా?"

అది ఎటో చూసింది. అందరూ నన్నే చూస్తున్నారు. మళ్లీ అడిగాను. చిన్న వేలు మెల్లగా వచ్చి ఆవు మీద ఆగింది. పువ్వు, పిల్లి, గొడుగు, అన్నీ చూపించింది. ఓడ ఒక్కటే చూపలేదు. ఓడను నేనూ ఎన్నడూ చూడలేదు.

వెనక నుంచి ఒక ఒడియా తల్లి లేచింది. "మా పిల్లనూ మా మాటల్లో అడగండి." ఆ వెంటనే ఒక మరాఠీ తండ్రి. మీటింగులో కూర్చున్న హెడ్‌మాస్టరు తన కుర్చీ దగ్గరికి లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి శనివారాలు మేం ఆ గదిలో కూర్చున్నాం. పిల్లలు ఇంట్లో అనే మాటలు మేం చెబుతుంటే టీచరమ్మ ప్రతి కార్డు వెనకా గుజరాతీ అక్షరాల్లో రాసుకుంది. "బువ్వ తింటవా?" అని ఆమె మొదటిసారి అడిగినప్పుడు మా బిడ్డ పకపకా నవ్వింది. ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడగకుండా ఇప్పుడు ఆ బడిలో ఏ పిల్ల గురించీ రిపోర్టు రాయరు.

కొత్త రిపోర్టులో మా బిడ్డకొచ్చిన మాటలే ఒక పేజీ నిండా ఉన్నాయి. మా ఆయన దాన్ని కార్ఖానాకు పట్టుకెళ్లి, సాంచాలు ఆపి మరీ అందరికీ చూపించాడట.

"సాంచాలు ఆపితే మీ సేఠ్ తిట్టలేదా?" అన్నాను.

"తిడితే తిట్టనీ. నా బిడ్డ ముచ్చట చెప్పుకోవద్దా ఏంది?"