మేళం ఆగినప్పటి ముఖం

2023 ఫిబ్రవరి. గద్వాల పాత బస్టాండు దగ్గర నా స్టూడియో. అవి పెళ్లిళ్ల రోజులు. ఉదయం పూట దుకాణం తెరిచి, మధ్యాహ్నానికి ఏదో ఒక ఊరికి కెమెరా పట్టుకుని వెళ్లిపోయేవాణ్ని. నా భార్య లలిత చనిపోయి అప్పటికి ఏడాది నిండలేదు. పని ఎక్కువగా ఉన్న రోజులే కాస్త తేలికగా గడిచేవి.

ఫొటోగ్రాఫర్ అంటే పెళ్లిళ్లు, పుట్టినరోజులు అనుకుంటారు చాలామంది. మా దగ్గరికి వచ్చే పని ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే, దినాల నాటికి దండ వేసి పెట్టడానికి ఒక పటం కావాలి. ఆ పని తెచ్చేవాళ్లు ఎక్కువ మాట్లాడరు. చిన్న ఫొటో ఒకటి బల్ల మీద పెట్టి, పెద్దది చేసి ఇమ్మంటారు. పెద్దది చేసినకొద్దీ ముఖం చెదిరిపోతుంది. దాన్ని కూడదీయడాన్ని మేం రీటచింగ్ అంటాం. కంటి కింది నలుపు తీసేయడం, మాసిన చొక్కా బదులు కోటు తొడగడం, వెనక నీలి ఆకాశం పెట్టడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. మా ఊళ్లో చాలా ఇళ్ల గోడల మీద కోట్లు వేసుకుని కూర్చున్న పెద్దలు, బతికుండగా కోటును ముట్టి ఎరుగరు.

ఒక ఉదయం పద్మ వచ్చింది. సన్నాయి తిమ్మప్ప కూతురు. ఆమెను వనపర్తికి ఇచ్చారు. ఆ వారమే తిమ్మప్ప పోయాడు. మట్టి చేసిన రోజు నేనూ వెళ్లాను. గద్వాల, మల్దకల్, రాజోలి వైపు ఏ ఊళ్లో పెళ్లయినా ఆయన మేళమే ఉండేది. నా పెళ్లిలోనూ ఆయనే ఊదాడు. నేను కెమెరా పట్టినప్పటి నుంచీ లెక్కలేనన్ని పందిళ్లలో ఇద్దరం పక్కపక్కన నిలబడి పనిచేశాం.

పద్మ తన ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. నాగర్‌కర్నూల్‌లో సెలూన్ నడుపుతున్న ఆమె తమ్ముడు రాఘవేంద్ర దాన్ని చేయించాడు. ఏదో పెళ్లి ఫొటోలోంచి తండ్రి ముఖం తీసి, నోట్లోని సన్నాయిని మాయం చేసి, బుగ్గలు తగ్గించి, రంగు తేల్చి, భుజాన జరీ శాలువా కప్పించాడు. శుభ్రంగానే ఉంది.

"అమ్మకు చూపెడితే, ఈయన ఎవరింటాయన అని అడిగిందన్నా" అంది పద్మ. "ఎవరో మంచాయనే ఉన్నడు. మా నాయన గాదు."

ఆధార్ కార్డు మీది ఫొటో కూడా తెచ్చింది. అందులో ఆయన భయపడినట్టు ఉన్నాడు. అది కూడా ఇంట్లో ఎవరికీ నచ్చలేదట. పెట్టేది ఏదో ఒకటి పెడదామని తమ్ముడు అంటున్నాడు. ఈమె ఒప్పుకోవడం లేదు.

"దినాలైనంక మేమందరం ఎవరిండ్లకు వాళ్లం పోతం. ఇగ అమ్మ ఒక్కతే ఆ పటం ముందల దీపం పెట్టాలె. తెల్వనాయనకు ఎట్ల మొక్కుతదన్నా?"

నా దగ్గర మీ నాయన ఫొటోలకు కొదవ లేదు అన్నాను. ఆ మాట నమ్మే అన్నాను. కంప్యూటర్‌లో పెళ్లిళ్ల ఫైళ్లు తెరిచాక అర్థమైంది.

సన్నాయి ఊదేవాళ్లు ఊపిరి తెగకుండా ఉండటానికి గాలిని బుగ్గల్లో నిలవ పెట్టుకుంటారు. తిమ్మప్ప బుగ్గలు రెండు సొరకాయల్లా ఉబ్బేవి. కళ్లు మూసుకుపోయేవి. మెడ మీద నరాలు తేలేవి. ఏ పెళ్లి తెరిచినా అదే ముఖం. వయసు మారింది, జుట్టు మారింది, ముఖం మాత్రం అదే. కారణం ఆలోచిస్తే సులువైనదే. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం వాయిస్తారు. సరిగ్గా అప్పుడే నా కెమెరా కూడా ఆగకుండా పనిచేయాలి. ఆ కాసేపు దాటిందా, ఆయన సన్నాయి దించి తువ్వాలుతో పెదాలు తుడుచుకునేవాడు, నేను కెమెరా దించి బ్యాటరీ మార్చుకునేవాణ్ని. ఇద్దరికీ పని ఒక్కసారే, విశ్రాంతీ ఒక్కసారే. అన్నేళ్లు పక్కపక్కన ఉన్నా, ఆయన మామూలు ముఖం నా కెమెరాలోకి ఎన్నడూ రాలేదు.

పద్మ పెళ్లి కూడా నేనే తీశాను. అదీ తెరిచాం. అందులోనూ అంతే. కన్యాదానం చేసి లేచిన మనిషి మళ్లీ సన్నాయి అందుకున్నాడు. ఈ ఒక్క దినం వేరేవాళ్లను ఊదమను నాయనా అని ఆమె బతిమాలిందట.

"నా బిడ్డ పెండ్లికి ఇంకొకడు ఊదుతడా అనె" అంది, తెర మీది తండ్రిని చూస్తూ. కాసేపటికి ఇంకో మాట చెప్పింది. "జూరాల డ్యాం కాడ గేట్లు ఎత్తినప్పుడు నువ్వూ వదినా నాయనకు కలిసిండ్రంట గదా. నువ్వు ఫొటో తీసినవని నాయన చెప్పిండు."

ఆయన్ను తీసినట్టు నాకు గుర్తు లేదు. చూస్తానని చెప్పి పంపించాను.

గిరాకీల ఫొటోలు కాక, నా అంతట నేను తీసుకున్నవి వేరే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. పని లేని రోజుల్లో మా ఊరినీ చుట్టుపక్కల ఊళ్లనూ తీస్తూ ఉండటం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఎవరూ అడిగినవి కావు, ఎవరికీ చూపించినవి కావు. వాటిని నాలుగు ఫోల్డర్లలో పెట్టుకున్నాను. పాట, ఆట, ఊరు, ఇల్లు. జూరాలకు లలితతో వెళ్లాను కాబట్టి ఆ ఫొటోలు ఉంటే 'ఇల్లు'లో ఉండాలి. ఆమె పోయినప్పటి నుంచి ఆ ఫోల్డర్ తెరవలేదు. అందుకని 'పాట'తో మొదలుపెట్టాను.

'పాట'లో తిమ్మప్ప చాలా చోట్ల ఉన్నాడు. జమ్ములమ్మ జాతరలో, దేవుని పల్లకీల ముందర. అన్నిట్లోనూ బుగ్గలే. రాజోలి భజనలో ఒక మూల కూర్చుని వింటున్నాడు కానీ తాళాలు కొట్టే మనిషి చేయి ఆయన నోటికి అడ్డం వచ్చింది. 'ఆట'లో, తేరు మైదానంలో కబడ్డీ చూస్తున్న జనంలో ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. వీపు మాత్రమే. మల్దకల్ జాతరలో ఎద్దుల బండలాగుడు పోటీ దగ్గర ముఖం ఇటే ఉంది, సరిగ్గా అప్పుడే ఎద్దులను అదిలించేవాడు చర్నాకోల ఎత్తాడు. 'ఊరు'లో ఒకే ఒక్కటి దొరికింది. కోట దర్వాజా కింద సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. ముఖం జొన్న గింజంత ఉంది. పెద్దది చేస్తే రంగు గళ్లు తప్ప ఏమీ మిగలలేదు.

ఆ మధ్యలో రాఘవేంద్ర ఫోన్ చేశాడు.

"నువ్వెందుకన్నా పరేషాన్ అయితవు? మా అక్క ఏది చూపెట్టినా గట్లనే అంటది. నేను పంపినదే ప్రింట్ కొట్టెయ్యి."

ఒక్క పూట ఆగమన్నాను. మధ్యాహ్నానికి మూడు ఫోల్డర్లూ అయిపోయాయి. నాలుగోది మిగిలింది.

'ఇల్లు'లో ఏముందో నాకు తెలియనిది కాదు. లలిత బియ్యం చెరుగుతోంది, లలిత బట్టలు ఆరేస్తోంది, లలిత బస్సు కిటికీలోంచి ముఖం పక్కకు తిప్పుకుంటోంది. కెమెరా తన వైపు తిరిగితే ఆమెకు నచ్చేది కాదు. జూరాల దగ్గర కూడా, "నన్ను గాదు, నీళ్లను తియ్యి" అంటూనే ఉంది. నీళ్లను తీసిన ఫొటోలు వరుసగా ఉన్నాయి. వాటి తర్వాత వేయించిన చేపలు అమ్మే దుకాణం దగ్గర తీసినది ఒకటి ఉంది.

అది పని పరంగా చెడిపోయిన ఫొటో. కెమెరా ముందున్న మనిషిని వదిలేసి వెనకనున్న దాన్ని పట్టుకుంటే మేం బ్యాక్ ఫోకస్ అంటాం. చేప ముక్క నాకు ఇవ్వబోయి లలిత ఒక్కసారిగా ముందుకు వంగింది. ఆమె మసకగా పడింది. పచ్చ చీర, చాచిన చేయి, ముఖం ఉన్న చోట ఒక లేత మరక. వెనక బెంచీ మీద తిమ్మప్ప కూర్చుని ఉన్నాడు. ఒక్కో వెంట్రుక కనిపించేంత స్పష్టంగా పడ్డాడు. పక్కనున్న, ఫొటోలో పడని ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. ఊది ఊది సాగిన బుగ్గలు నోటికి అటూ ఇటూ రెండు మడతలుగా జారి ఉన్నాయి. సన్నాయి పీక ఆనే చోట కింది పెదవి మీద చిన్న నల్లటి కాయ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కెమెరా తెర మీద చూసి, చెడిపోయింది తీసేస్తానన్నాను. లలిత నా చేయి పట్టుకుని ఆపింది.

"నేను ఎట్ల పడితేంది. తిమ్మప్ప మామ ఎంత మంచిగ పడ్డడో చూడు. తీసెయ్యకు."

పని మొదలుపెట్టాను.

ఫొటోలో కావలసినంత ఉంచి మిగతాది కోసేయడాన్ని క్రాప్ అంటాం. రోజూ చేసే పనే. తిమ్మప్ప ముఖం మిగలాలంటే లలితను కోసేయాలి. కోశాను. అయినా ఆమె భుజం ఆయన ఛాతీకి కొంచెం అడ్డం వచ్చింది కాబట్టి, కింద ఒక పక్కన పచ్చ చీర కొస మిగిలింది. దాని మీద ఆయన చొక్కా రంగు అద్దితే కనిపించదు. ఎన్నో పటాల్లో ఎందరి చేతులో, భుజాలో అలా తుడిచేశాను. ఆ పూట దాన్ని అలాగే వదిలి పద్మకు ఫోన్ చేశాను.

సాయంత్రం అక్కాతమ్ముళ్లు ఇద్దరూ వచ్చారు. తెర మీద చూడగానే పద్మ స్టూల్ మీద కూర్చుండిపోయింది. రాఘవేంద్ర నిలబడే ఉన్నాడు. ఎక్కడ తీసిందని అడిగాడు. చెప్పాను.

"చేపలు తినుకుంట నవ్వుతున్న పటానికి దండేస్తే జనం ఏమంటరన్నా?"

"చేపలు యాడ కనపడ్తున్నయిరా?" అంది పద్మ. "మొఖం కనపడ్తుంది సూడు."

అతను కొంచెం ముందుకు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. పెదవి మీది కాయను తుడిచేయాలా అని నేను అడిగాను. తుడిచేయమంటాడనే అనుకున్నాను.

"వద్దన్నా" అన్నాడు. "ఇంటికొస్తే ఆయన గడ్డం నేనే గీసేటోన్ని. గా కాయ కాడికొస్తే కత్తి జర మెల్లగ తిప్పాలె." తను చేయించిన బొమ్మ ప్రస్తావన మళ్లీ తేలేదు.

పద్మ తెర మీద కింది మూల వేలు పెట్టింది. "ఇక్కడ పచ్చగ ఏందన్నా ఇది?"

మీ వదిన చీర అన్నాను. అడ్డం వచ్చింది, తీసేస్తాను, ఏమీ తెలియదు అన్నాను. మొత్తం ఫొటో చూపించమంది. చూపించాను. ముందు మసకగా లలిత, వెనక స్పష్టంగా వాళ్ల నాయన. పద్మ నా వైపు తిరిగి అడిగింది.

"వదిన పటం ఇంట్ల పెట్టినవా?"

లేదన్నాను. నిజమే. ఊరందరికీ పటాలు చేసి ఇచ్చాను. లలిత దినాలప్పుడు ఆమె పుట్టింటివాళ్లు తెచ్చిన పాత ఫొటో ఒకటి పెట్టి, మళ్లీ వాళ్లే తీసుకుపోయారు. ఆ తర్వాత ఒకటి ఎంచుదామంటే ఆ ఫోల్డర్ తెరవాలి.

పద్మ మళ్లీ చీర కొస మీద వేలు పెట్టింది.

"తియ్యకన్నా. ఉండనియ్యి. దండ ఆడిదాంక వస్తది. ఆమె మీద గూడ పడుతది."

తమ్ముడి వైపు చూసింది. అతను తలూపాడు.

దినాలకు నేను వెళ్లాను. ఇంటి ముందు షామియానా కింద, బల్ల మీద పటం పెట్టారు. బంతిపూల దండ వేశారు. ఆయనతో మేళం పట్టినవాళ్లు వచ్చి వరుసగా నిలబడి చూశారు. ఒకాయన, తిమ్మప్ప బుగ్గలు ఇంత చిన్నగ ఉంటయా అన్నాడు. అందరూ నవ్వారు. దండ కింది కొస పచ్చ రంగు మీదికి వచ్చింది. నాకు తప్ప, ఆ అక్కాతమ్ముళ్లకు తప్ప అది ఎవరికీ తెలియదు.

పటం ముందు విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. వేయించిన చేప కూడా ఉంది. తిమ్మప్ప భార్య ఈరమ్మ దాని పక్కన కూర్చుని ముళ్లు ఏరుతోంది. ఎవరో, ఆయనకు ఇప్పుడు ముల్లు గుచ్చుకుంటదా అవ్వా అంటే ఆమె పట్టించుకోలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

సన్నాయి ఊదేవాళ్లకు ముల్లంటే భయమట. పెదవికి గుచ్చుకుంటే పెళ్లిళ్ల సీజనంతా పోతుంది. అందుకని పెళ్లైన నాటి నుంచి చేప ముళ్లు ఆమే తీసిపెట్టేది. జూరాల దగ్గర ఆ రోజు కూడా ఆయన పక్కన కూర్చుని తీస్తోంది. ఫొటోలో ఆమె లేదు. ఆయన నవ్వుతున్నది ఆమెతోనే.

"నన్ను కట్టుకున్నది ముండ్లు ఏరనీకేనా అంటిని" అని చెప్పింది. "నువ్వు ముండ్లు ఏరితేనే నేను ఊదుత, నేను ఊదితేనే మందికి పెండ్లిళ్లైతయి అనె. గా మాట అనుకుంట గిదే నవ్వు నవ్వె." విస్తరిలో ముక్క పెట్టి, చేయి తుడుచుకుని పటం వైపు చూసింది. "ఈయనే."

ఆ మాట వినడానికే పద్మ అంత పట్టుబట్టిందని నాకు అనిపించింది.

ఈ పని నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. మనుషులను వాళ్ల పనిలో ఉండగా తీస్తాం. ఆ ఫొటోలు బాగుంటాయి, ఆల్బమ్‌లోకి వెళ్తాయి. ఇంట్లోవాళ్లకు తెలిసిన ముఖం పని ఆగాక వస్తుంది. అప్పటికి మనం కెమెరా దించేసి ఉంటాం. ఇప్పుడు గట్టిమేళం ఆగాక నేను వెంటనే కెమెరా దించడం లేదు. మేళంవాళ్లు పెదాలు తుడుచుకుంటారు, నీళ్లు తాగుతారు, ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటారు. ఒకటి రెండు తీస్తాను. పెళ్లివాళ్లు వాటిని అడగరు, నేను ఇవ్వను. విడిగా దాచిపెడతాను.

మొన్న కల్వకుర్తి దగ్గర ఒక పెళ్లిలో సన్నాయి ఆయన నా వైపు చూసి, "ఇప్పుడెందుకు సారూ? ఊదుతలేను గద" అన్నాడు.

"ఇది మీ ఇంట్లవాళ్లకు" అన్నాను.