కత్తెరగారు కోసేసిన మాట

పత్రికాఫీసులో చిన్న ప్రకటనల బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషిని అందరూ కత్తెరగారు అనేవారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, పాత బండి అమ్ముకునేవాళ్ళు, పిల్లి తప్పిపోయినవాళ్ళు తమ గోడంతా రాసుకొస్తే, ఎర్ర పెన్నుతో నాలుగు వరుసల్లోకి దించేసేవారు. ఆయన లోకానికి ప్రసాదించిన ధర్మశాస్త్రం ఒక్కటే: ఉన్నది రాయాలి, లేనిదానికి చోటు దండగ. బాల్కనీ లేకపోతే లేదని రాయడం దేనికి, వచ్చి చూసేవాడికి కళ్ళు లేవా?

ఇంట్లో మాత్రం ఆయన ఎడిటరు. పెళ్ళిచూపుల్లో ఎవరో అలా చెప్పారు. తర్వాత సరిదిద్దే సందర్భం రాలేదు.

డిగ్రీ పూర్తయిన పిల్లల కోసం ఇంటర్న్‌షిప్ ప్రకటనలు మొదలయ్యాక ఆ శాస్త్రానికి గిరాకీ పెరిగింది. కంపెనీలవాళ్ళు చిట్టచివర, మొహమాటంగా, 'జీతం ఉండదు' అని రాసేవారు. లేనిదే కదా! కత్తెరగారు కోసేసేవారు. 'ఉజ్జ్వల భవిష్యత్తు' మాత్రం ఉంచేవారు. అది ఉందో లేదో ఎవరికీ తెలియదు గనక సూత్రం దానికి వర్తించదు.

ఆ ఏడు ఆయన కూతురు చదువు ముగించి, ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో చేరింది. "మన పేపర్లో చూసే వెళ్ళాను నాన్నా" అంటే ఆయన ఛాతీ ఉప్పొంగింది. పిల్ల పొద్దున్నే మొదటి బస్సెక్కి, చీకటిపడ్డాక వచ్చేది. మొదటి జీతంతో అమ్మకు కళ్ళజోడు కొంటానంది. అమ్మ పాతజోడుకి విరిగిన కాడ స్థానంలో దారం ఉండేది.

నెల గడిచింది. ఇంకో నెలా గడిచింది.

"అడగవే! నీ నోట్లో నాలుక లేదూ?" అంది తల్లి.

"చేరగానే డబ్బంటే బాగోదమ్మా."

ఒక సాయంత్రం పిల్ల చెప్పులైనా విప్పకుండా వచ్చి కుర్చీలో కూలబడింది.

"అడిగాను నాన్నా. నవ్వారు. జీతం లేదని ప్రకటనలోనే రాసిచ్చాం, చూసుకోలేదా అన్నారు. పేపరు తీసి చూపించాను. అందులో లేదు. వేసినవాళ్ళెవరో కోసేస్తే మాకేం సంబంధం అన్నారు. అందరూ పని ఆపి నన్నే చూశారు. ఇక రానని చెప్పి వచ్చేశాను."

"ఎవడా కోసినవాడు? వాడి చేతులు పడిపోను!" అంది తల్లి. "ఏమండీ, మీరు ఎడిటరై ఉండి వాణ్ణి ఊరుకుంటారా?"

కత్తెరగారు ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు ఇంకో కంపెనీ ప్రకటన వచ్చింది. అడుగునున్న 'జీతం ఉండదు'ను ఆయన నెత్తికెక్కించి, పెద్దక్షరాలు చేసి, ఉజ్జ్వల భవిష్యత్తును కోసేశారు. పై అధికారి అది చూసి అదిరిపడ్డాడు.

"ఇదేమిటండీ కత్తెరగారూ! శుభమా అని ఉద్యోగ ప్రకటన వేస్తే పైన ఈ చావుకబురేమిటి? లేనిది రాయొద్దన్నది మీరేగా?"

"కోసి కోసి చెయ్యి నొప్పెడుతోందండీ" అన్నారాయన.

ఎలాగో అచ్చయింది. ఇక ఆ గుమ్మం ఏ పిల్లా తెలియక ఎక్కదని ఆయన ఆ రాత్రి కంటినిండా నిద్రపోయారు.

పొద్దున లేచేసరికి కూతురు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, భుజానికి సంచీ వేసుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికమ్మా?"

"ఇంటర్వ్యూకి నాన్నా. ఇది చూశారా? జీతం ఉండదని అన్నిటికంటే పైన వేశారు. ఇంత నిజం చెప్పుకునేవాళ్ళు మనిషికి అన్యాయం చెయ్యరు. కొన్నాళ్ళు ఒళ్ళొంచి చేస్తే వాళ్ళే ఇస్తారు."

ఆ పెద్దక్షరాలు వాళ్ళవి కావని చెప్పాలి. అయితే ఎవరివని అడుగుతుంది. అక్కణ్ణుంచి మొదటి ప్రకటన దాకా ఎంతో దూరం లేదు.

తల్లి దారం జోడు సర్దుకుని, పేపరు ముక్కుదాకా తెచ్చుకుని చదివింది. "ఏమండీ, మీకు తెలుస్తుందిగా. మంచివాళ్ళేనంటారా?"

కూతురు కూడా ఆయన మొహంలోకే చూస్తోంది.

"బస్సు వచ్చే వేళయింది" అన్నారు కత్తెరగారు. "చెప్పు పట్టీ తెగేలా ఉంది, చూసుకుని నడు తల్లీ."