బ్యాండు మేష్టారి చావు పాట

లైప్‌జిగ్ కచేరీ హాల్లో మేనేజరు పియానో మూత దించేసి, దాని మీద పూలకుండీ కూడా పెట్టించాడు. ఆడమనిషి వాయిస్తే, మోత తగ్గేలా తీగల మీది మూత దించి ఉంచడమే మర్యాదట. మా క్లోటిల్డ అమ్మగారికి అప్పుడు పాతికేళ్ళు లేవు. నేను, ఒట్టీని, ఆవిడ గౌనుకు హుక్కులు పెట్టడానికి వెంట వెళ్ళిన పనిపిల్లని.

"మూత ఎత్తించండి," అంది.

"ముందు వరసలో పెద్దవాళ్ళున్నారమ్మా. ఉలిక్కిపడతారు."

"నిద్రపోవాలంటే చర్చికి పొమ్మనండి. అక్కడ టిక్కెట్టు లేదు."

అని పైకోటు తొడుక్కుని వాకిలి మెట్ల మీద కూర్చుంది. లోపల జనం కాళ్ళతో నేలను తన్నడం మొదలుపెట్టారు. మేనేజరు మొహం బీట్‌రూటులా అయింది. చివరికి ఆ కుండీ తనే మోసుకుపోయి, మూత ఎత్తాడు. ఆ సాయంత్రం ఆవిడ వాయించినవాటిలో సగం సొంతంగా కట్టినవే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ తరవాత డ్రెస్డెన్, బ్రెస్లౌ, వార్సా తిరిగాం. తిరిగి తిరిగి వచ్చి మా ఊరి బ్యాండు మేష్టారు గోట్‌హోల్ట్ రేమిష్‌ని చేసుకుంది. ఎందుకని నన్నడక్కండి, మీసం బాగుండేది. టిక్కెట్టు పెట్టి వాయించడం మేష్టారి పెళ్ళానికి పరువు తక్కువన్నాడు. ఏడాదికోసారి అనాథ పిల్లల కోసం వాయించుకోనిచ్చాడు, మూత దించి. ఈసారి ఆవిడ పోట్లాడలేదు.

మా ఊళ్ళో ఎవరు పోయినా, శవపేటిక శ్మశానం చేరేదాకా చర్చి గోపురం మీంచి బాకాలు ఊదుతారు. ముసలి పాస్టరు పోయినప్పుడు కొత్త పాట కావాలన్నారు. మేష్టారు పెన్సిలు నమిలాడు తప్ప ఒక్క స్వరం పడలేదు. అమ్మగారు ముందు గదిలో పియానో దగ్గర కూర్చుని కట్టింది. వంటింట్లో బాతు ఈకలు పీకుతున్న నా చేతులు ఆగిపోయాయి. మేష్టారు దాన్ని బాకాలకు సరిపడా తన చేత్తో రాసుకున్నాడు.

"నా పేరు వెయ్యరా?" అంది ఆవిడ.

"ఆడదాని పాటంటే బాకావాళ్ళు ఊదరు క్లోటీ. ముందు ఊరికి అలవాటు కానీ. తరవాత నేనే చెప్తాగా."

ఊరికి అలవాటైంది. ఆయన చెప్పలేదు. ఎవరు మెచ్చుకున్నా మీసం దువ్వుకుని "ఏదో దేవుడి దయ" అనేవాడు. ఆ దయ పక్కనే నిలబడి కాఫీ పోసేది.

కొన్నేళ్ళకి గుండె ఆగి ఆయన పోయాడు. ఆయనకీ అదే ఊదారు. "తన చావుకి తనే పాట కట్టుకున్నాడు, మహానుభావుడు!" అని ఊరు ఊరంతా ఏడ్చింది. చర్చి గోడకు రాతిపలక పెడతామన్నారు. ఆ పాట మొదటి స్వరాలు చెక్కి, కింద ఆయన పేరట.

అమ్మగారు నల్లటోపీ పెట్టుకుని మేయరింటికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

"ఆ పాట నాదండీ."

"ఆయనవన్నీ మీవే కదమ్మా!"

"అలా కాదు. కట్టింది నేను."

మేయరు ఆవిడ చెయ్యి నిమిరాడు. "దుఃఖంలో అలాగే అనిపిస్తుంది. మా నాన్న పోయాక మా అమ్మ ఆయన కోటు తొడుక్కుని తిరిగేది."

నాకు ఒళ్ళు మండింది. "ఈవిడ కడుతుంటే నేను చెవులారా విన్నానయ్యా!"

"సూపులో ఉప్పెంతో నిన్నడుగుతాంలే ఒట్టీ. సంగీతం నీకెందుకు?"

నేను రెండో క్లాసు దాటలేదన్నది నిజమే. వినడానికి బడికెళ్ళాలని ఆయన దగ్గరే తెలిసింది.

అమ్మగారు వాళ్ళ పియానో దగ్గర కూర్చుని ఆ పాట మొదటినించి చివరిదాకా వాయించింది. మేయరు కళ్ళు తుడుచుకున్నాడు.

"అబ్బ, మేష్టారి పాటని ఎంత బాగా పలికించారమ్మా! పలక తెరిచే రోజున మీరే వాయించాలి."

ఆవిడ వెళ్ళలేదు. పలక మాత్రం గోడెక్కింది. ఆ తరవాత రొట్టెలవాడి కూతుళ్ళకి సరిగమలు నేర్పుతూ బతికింది. కొత్తదేదైనా కట్టమ్మా అంటే, "పేరు పెట్టుకోడానికి ఇంకో మొగుడు లేడుగా!" అని నవ్వేది. ఆ నవ్వు చూడలేక నేను గిన్నెలు తోముకునేదాన్ని.

పోయిన చలికాలం ఊపిరితిత్తులు పాడై మంచం పట్టింది. ఒక పొద్దున పాలు తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఒట్టీ, నేను పోగానే వాళ్ళు బాకాలు పట్టుకుని గోపురం ఎక్కుతారు. మొగుడి పాటతో పెళ్ళాన్ని సాగనంపామని మురిసిపోతారు. నువ్వు ముందే వెళ్ళి ఆ మెట్ల తలుపుకి తాళం వెయ్యి. గొడవ చేస్తే కడుపునిండా బీరు పోయించు. ఊదనివ్వకు. నన్ను చప్పుడు లేకుండా తీసుకుపోనీ."