తప్పెరుగని సుంకప్ప

ఎమ్మిగనూరు చరిత్రను ఎవరైనా నిజాయితీగా రాస్తే కరువులకు ఒక పుట, చేనేతకు రెండు పుటలు ఇచ్చి, మిగతా గ్రంథమంతా సుంకప్ప తప్పు ఒప్పుకోకపోవడానికే కేటాయించాలి. సుంకప్ప మగ్గం గుంటలో కాలు పెట్టి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో తప్పులు జరగలేదని కాదు. అతని వల్ల జరగలేదు, అంతే.

ఈ సిద్ధాంతాన్ని కూలదోయడమే జీవితాశయంగా పెట్టుకున్నవాడు కాశప్ప. నేతగాళ్ళ సంఘంలో బట్ట పరీక్షించి తీసుకునే మేస్త్రీ.

ఒకసారి సుంకప్ప నల్లటి మబ్బు కింద వీధి పొడుగునా పడుగు సాచి గంజి పెట్టాడు. వాన కొట్టింది. గంజి కాలువలో కలిసింది.

"మబ్బు కనపడలేదా అప్పా?" అన్నాడు కాశప్ప.

"నేను సాచినప్పుడు మబ్బు బాగనే ఉండె. ఆ పైన చెడిపోయింది. దాన్నే అడుగు."

"సాచకుండా ఉంటే బాగుండేదని అనిపించలే?"

"ముందుగాల ఎవురికి తెలుస్తాది? బ్రహ్మకు గూడా తెలీదు!"

వారం తిరగకముందే అంతకంటే నల్లటి మబ్బు కింద మళ్ళీ సాచాడు.

ఇంకోసారి దుప్పటికి ఒక పక్క అంచు మూడు వేళ్ళు, ఇంకో పక్క రెండు వేళ్ళు వచ్చింది. కాశప్ప నోరు తెరిచేలోగా, "కొత్త డిజైను. మొగుడు పండుకునే పక్క అంచు పెద్దదుండల్ల," అని, మగ్గం గుంజకు వేలాడే అద్దంలో మీసం దువ్వుకున్నాడు. "ఈ మొగం సూడు కాశప్పా. తప్పు సేసే మొగమేనా ఇది?"

ఈమధ్య మూడేళ్ళుగా అతని పసుపు దుప్పట్ల నడుమ నిమ్మపండు రంగు చారలు రాసాగాయి. వాటికి 'ఎండపొడ డిజైను' అని పేరు పెట్టి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ వివరించాడు.

1979లో హైదరాబాదు ప్రదర్శనకు దుప్పటి కావలసి వచ్చింది. చెయ్యి మంచిదని మనసులోనే ఒప్పుకుని, కాశప్ప ఆ పని సుంకప్పకే ఇచ్చాడు. నేసి తెచ్చిన దుప్పటిని సంఘంలో పదిమంది ముందు విప్పితే, సరిగ్గా మధ్యలో జానెడు ఎండపొడ! కాశప్ప గుండె ఆనందంతో గంతులేసింది.

"వాన పడిందా?"

"లేదు."

"మగ్గంలో పిల్లి దూరిందా?"

"లేదప్పా."

"నమూనా నేనిచ్చినా, కాబట్టి డిజైనూ కాదు. రెండు రంగుల నూలుకూ ఏది ఏ రంగో తెలిసేటట్టు నంబరు చీటీలు నేనే కట్టిచ్చినా. ఇంక సెప్పు! తప్పు నేసినోనిదైతే ఆరునెల్లు ముతక తువ్వాళ్ళు నెయ్యల్ల. కండెలదైతే సుట్టినోళ్ళ పేరు పట్టీలోంచి కొట్టేస్తా."

సుంకప్పకు కండెలు చుట్టేది కరీమున్నీసా. మొగుడు పోయినప్పటినుంచి ఆమెకు ఆ పనే కూడు. సంఘం వాకిట్లో తిరుగుతున్న ఆమె రాట్నం ఆగిపోయింది.

బ్రహ్మ ప్రస్తావన ఇప్పుడొస్తుందని అందరూ చెవులు రిక్కించారు. సుంకప్ప మీసం మీద చెయ్యేశాడు. తీసేశాడు.

"తప్పు నాదే."

ఎవరి నోట్లోంచో బీడీ జారి కింద పడింది.

"ఇంకోసారి అను!"

"నాదే అంటిని కదప్పా! కండెలు బాగనే ఉండె. నేనే సూసుకోలే. సూసుకోవల్సింది."

కాశప్ప అందరికీ టీ చెప్పించాడు. రాజ్యం గెలిచినవాడిలా సంఘమంతా రెండుసార్లు కలియదిరిగాడు. ఆ ఊపులోనే కరీమున్నీసా చేతికి చీటీ కట్టిన కొత్త నూలు చిలప ఒకటి అందించి, "ఇది ఏ నంబరక్కా?" అన్నాడు.

ఆమె చీటీని ముక్కుకు ఆనించింది. చెయ్యి చాచి దూరంగా పట్టింది. తిప్పి చూసింది.

"పదకొండే గదా నాయనా?"

పదిహేడు.

కాశప్ప టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

"మూడేండ్లాయె. యా అల్లా, ఎవరికీ సెప్పొద్దనె సుంకప్ప. 'రంగు తారుమారైతే నా డిజైనంటాలే అక్కా, నన్నెవడు అడుగుతాడు' అనె."

కాశప్ప పరుగున మగ్గం దగ్గరికి పోయాడు. సుంకప్ప అప్పటికే అద్దం తుడుచుకుని ముతక తువ్వాలు మొదలెట్టాడు.

"ఏమప్పా, ఆ తప్పు నీది కాదంట గదా?"

"ఎవరన్నారు? నాదే!" సుంకప్పకు నిజంగానే రోషం వచ్చింది. "పదిమంది నడుమ అంత పెద్ద తప్పు సేసి నిలబడే మొగోడు ఈ ఊర్లో ఇంకొకడు ఉండాడా, నువ్వే సెప్పు!"

వాన తప్పు, అంచు తప్పు మాత్రం అచ్చంగా సుంకప్పవేనని కాశప్ప మనసు కుదుటపరచుకున్నాడు. పట్టీలో ఏ పేరూ కొట్టేయలేదు. సోమవారం కరీమున్నీసాను ఆదోని బస్సెక్కించి, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

కళ్ళజోడు నంబరు రెండున్నర.