పిలిస్తే తిరిగే మనిషి

మా అత్త పోయింది. ధర్మవరంలో, తన అద్దె గదిలో, నిద్రలోనే. నేను హిందూపురంలో పనికి బయల్దేరుతుంటే పక్కింటామె ఫోన్ చేసింది. "మీ కొరియా అత్త లేయలేదప్పా, బిన్నా రా" అనింది. చావు కబురులో కూడా ఆ ఎక్కిరింపు పేరే. పక్కింటామె చెడ్డ మనిషేం కాదు. వీధంతా అట్లాగే అనేది, ఆమె నోటికీ అలవాటైపోయింది. నాకు మాత్రం బస్సెక్కి ధర్మవరంలో దిగేదాకా ఒళ్లు మండుతూనే ఉండింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్లు కూడా చదవాలని.

ఆమె మా మేనమామ భార్య. మామ పోయి చానా ఏండ్లయింది. పిల్లలు లేరు. కన్నడం మాట్లాడుకునే అగళి నుంచి కోడలుగా వచ్చి, ధర్మవరంలో పట్టుచీరలకు కుచ్చులు కట్టి బతికింది. పొద్దన్నే గడప దగ్గర కూర్చునేది. చీర కొంగు ఒళ్లో పరుచుకుని, ఫోను చెంబుకు ఆనించి పెట్టుకునేది. ఫోనులో కొరియా సీరియల్ నడుస్తుండేది. వేళ్లు దారాలు ముడివేస్తుంటాయి, చూపు ముడి మీదే ఉంటుంది. బొమ్మను ఆమె ఎప్పుడో గాని చూడదు. వినేది, అంతే. ఆ భాషలో ఒక్క ముక్క రాదు.

నాకు అప్పట్లో దొరికిన ప్రతి కరపత్రమూ చదివి, చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేది కాదు. "అత్తా, కొరియా కంపెనీలు పెనుకొండ కాడ మన భూముల్లోకొచ్చినాయి. ఇప్పుడు వాళ్ల సీరియళ్లు మన సాయంత్రాల్లోకి కూడా వస్తాండాయి. ఇది పెద్ద కుట్ర" అన్నాను.

"నాకు సాయంత్రాలు యాడుండాయి అల్లుడా, ఎత్తుకపోతే పోనీ" అనింది, దారం పంటితో తెంపుతూ.

ఆమె చూసేది అన్ని సీరియళ్లూ కాదు. ఒకే ఒక నటుడివి. అతని పేరు ఆమెకు నోరు తిరగలేదు, మనోడు అనేది. మొదట చూసినప్పుడు మనోడు నడివయసు తండ్రి. బేకరీ నడుపుకునే పెండ్లాం లేని మనిషి, ఒక చిన్న కూతురు. అది అయిపోయినాక, ఇంకేమన్నా ఉంటే పెట్టు అని నన్ను పట్టుకుంది. నేను వెతికి పెట్టేవాణ్ని. దొరికేవన్నీ అంతకు ముందువి. ఎవరైనా వయసు పెరిగి పెద్దవాళ్లవుతారు. మా అత్త కండ్ల ముందర మనోడు తండ్రి నుంచి వకీలయినాడు, వకీలు నుంచి ప్రేమికుడు, చివరికి హీరో పక్కన గొడుగు పట్టుకుని నిలబడే స్నేహితుడు. సినిమాల్లో అయితే ఎక్కువగా చచ్చిపోయేవాడు.

"మళ్లా సంపినారు సూడు" అని ఫోను మీద కోప్పడేది. "ఈయప్ప బాగా సస్తాడని తెలిసిపోయినట్లుండాది, అందురూ ఆ యాషమే ఇస్తాండారు."

అతని బతుకులో రెండేళ్లు ఏమీ లేదు. ఒక్క సినిమా లేదు, ఒక్క సీరియల్ లేదు. ఆ దేశంలో మగవాళ్లంతా మిలిటరీకి పోయి రావాలని, హీరో అయినా తప్పదని చెప్పాను. తిరిగొచ్చేసరికి అతని జాగాలో కొత్త మొగాలు వచ్చేశాయి. మళ్లీ హీరోగా ఎవరూ పెట్టుకోలేదు. అన్నయ్య వేషం, ఆఫీసరు వేషం, ఆ తర్వాత తండ్రి. మార్కెట్టు మనిషిని ఎట్లా వాడుకుని పారేస్తుందో చూడమని గట్టిగానే మాట్లాడాను. ఆమె మొత్తం విని తల అడ్డంగా ఊపింది.

"హీరోగా ఉన్నన్ని దినాలు వాన్ని ఎవురన్నా అప్పా అని పిలిచినారా? కిందికి దిగినాకే కదా పిలిచినారు."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. మా దగ్గర అప్పా అంటే దోవన పోయే ఏ మగవాణ్నైనా పిలిచే పిలుపు. ఏమప్పా, ఉండప్పా, పోనీలేప్పా. ముసలామె ఏదో అంటోందనుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం వెళ్లేసరికి ఫోను బోర్లా పడుంది. అత్త ఉత్తినే కూర్చుని ఉంది, చేతుల్లో చీర లేదు. పక్కింటి పిల్ల ఉపకారం చేయాలని సీరియల్‌కు తెలుగు మాటలు పెట్టిచ్చిందంట. బేకరీ తండ్రిది, ఆమె మళ్లీ మళ్లీ వినేది.

"తెలుగు తీసేయ్ అల్లుడా."

"తెలుగైతే అర్థమైతుంది గదా అత్తా?"

"అర్థమైతాంది. అందుకే తీసేయ్."

వెనకాల నిలబడిన పక్కింటి పిల్ల పకపకా నవ్వింది. "అవ్వకు కొరియా భాష వచ్చేసినాదన్నా, ఇంగ ఫ్లయిటెక్కియ్" అనింది. అత్త కోపగించుకోలేదు. ఆ పిల్ల పోయినాక, గోడకు ఆనుకుని, నెమ్మదిగా చెప్పింది.

తెలుగులో ఆ పాప తండ్రిని నాన్నా అంటోంది. అసలు భాషలో అప్పా అంటుంది. అగళిలో తండ్రిని అప్పా అనే పిలుస్తారు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, వాళ్ల నాయన కూతుర్ని చూడ్డానికి టెంకాయలు మోసుకుని వచ్చినాడు. ఈమె వాకిట్లోకి అప్పా అని అరుచుకుంటూ పరిగెత్తింది. వీధిలో ఉన్న ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వినారు. "కన్నతండ్రిని గొర్రెలోన్ని పిలిచినట్లు పిలుస్తాందే ఈ కన్నడ పిల్ల" అన్నారు. మా అవ్వ, అంటే ఆమె అత్తగారు, లోపలికి పిలిచి, ఈ ఇంట్లో ఉన్నంత కాలం ఆ భాష మాట్లాడొద్దని చెప్పింది.

ఆయన మళ్లా వచ్చినాడు. వాకిలి అవతల, ఎద్దులబండి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఈమె గడపలో నిలబడి, నేర్పినట్లే, నాయనా అని పిలిచింది.

"తిరగలేదు అల్లుడా. మళ్లా పిలిచినా. అప్పుడు తిరిగినాడు, నా పక్కకు గాదు, ఎనక్కి. నేను ఎవురినో పిలుస్తాండానని, ఆ మనిషి యాడుండాడా అని వీధంతా సూసినాడు."

అదే ఆఖరు. ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆ రోజు నుంచి కన్నడం ఆమె నోట్లోంచి రాలేదు. ఆ భాష వద్దన్న మా అవ్వ పోయింది, మామ పోయినాడు, వద్దనేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అయినా రాలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రయత్నం చేస్తే గొంతులోనే ఆగిపోతుందని చెప్పింది. "సచ్చే లోపల ఒగసారి వస్తే బాగుండు" అనింది, మామూలుగా, కూర సరిపోతుందో లేదో అన్నట్టు.

"అట్లయితే అగళికే పోదాం పా. బస్సుండాది" అన్నాను.

"ఆడ నాకు ఎవురుండారు? ఏ ఇల్లు సూసినా నేను పుట్టిన ఇల్లు గాదే అనిపిస్తాది. ఈ ఫోన్లో అయితే ఏ ఇల్లూ నాది కాదు, బాద లేదు. ఆ పాప అప్పా అంటే మనోడు యాడున్నా తిరుగుతాడు. పిండి చేతుల్తోనే తిరుగుతాడు. అది ఇంటే సాలు."

నేను తెలుగు తీసేశాను. ఇంక కుట్రల గురించి ఏమీ మాట్లాడలేదు, ఆమె నాకు చీర ఇచ్చి దారాలు విడదీయమంది.

పోయిన చలికాలంలో పెనుకొండలో బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి ఇద్దరం పోయినాం. తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. అక్కడ కొరియా అక్షరాల బోర్డులు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. ఒక కొరియా ఆయన ఫోనులో మాట్లాడుకుంటూ ముందు నడుస్తున్నాడు. వెనక చిన్న పాప, జామకాయల బండి దగ్గర ఆగిపోయింది.

"అప్పా!" అని పిలిచింది.

ఆయన చెవి దగ్గర ఫోను అట్లాగే పెట్టుకుని గిరుక్కున తిరిగినాడు. రోడ్డంతా వెతకలేదు. నేరుగా ఆ పాప మొగంలోకే చూసినాడు. వెనక్కి వచ్చి, ఒక జామకాయ కొనిచ్చి, చెయ్యి పట్టుకుని పోయినాడు. అంతే జరిగింది. అత్త నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు గుచ్చుకున్నాయి. వాళ్లు కనుమరుగయ్యేదాకా వదల్లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటినాక ఏదో అనింది. దగ్గింది అనుకున్నాను. మళ్లీ అనింది. కన్నడం. మొదట ఒకటీ రెండూ మాటలు, తడబడుతూ, తానే తప్పు దిద్దుకుంటూ. ఆ తర్వాత ఆగలేదు. చేతులు తిప్పుకుంటూ, ఒకచోట నవ్వుతూ, ఒకచోట ఎవరినో తిడుతూ. నాకు చెట్టు అర్థమైంది, బావి అర్థమైంది, ఎవరో అక్క పేరు అర్థమైంది. మిగతాదంతా దాటిపోయింది. నా వైపు చూసినప్పుడల్లా నేను ఊ అన్నాను. అర్థం కాలేదని ఎక్కడా చెప్పలేదు, చెబితే ఆపేస్తుందని.

ఇప్పుడు ఆ మాటలు ఎవరి దగ్గరా లేవు. విన్నవాణ్ని నేనొక్కణ్నే, నాకేమో ఆ భాష రాదు.

ఆ రోజు చెబుతుండగానే ధర్మవరం బస్టాండు వచ్చింది. అందరూ దిగిపోయారు. కండక్టరు లోపలికి తొంగిచూసి, "దిగండమ్మా, డిపోకు పోవల్ల" అన్నాడు. అత్త అతని వైపు తిరగకుండానే, కాసేపుండు అన్నట్లు అరచెయ్యి పైకెత్తింది. ఇంకా చెబుతూనే ఉంది. అతను ఏమనుకున్నాడో, టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని, మెట్ల మీద కూర్చున్నాడు.