తాత గొంతు పెద్దదట

ఈ రోజు ఆదివారం. నేను లేచేసరికే తాత గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వృద్ధుల హోమ్ చూడ్డానికి ఆయనే తొందరపడటం చూసి ఆశ్చర్యపోయాను. అమ్మానాన్నలు పవర్‌లూమ్స్‌లో పనికి, నేను కాలేజీకి వెళ్ళాక తాత ఒంటరిగా ఉండి, రెండుసార్లు బాత్రూమ్‌లో పడ్డాడు. ఇక అలా వదలలేం.

సూరత్‌లో కతర్‌గామ్ ఏరియాలోని ఆ హోమ్‌లో ఎనిమిది మందే ఉంటారు. ఖాళీగా ఉన్న గది తాతకు బాగా నచ్చింది.

"బిడ్డా, కిటికీ జూడు! గాలి మస్తుగొస్తున్నది!"

"మరి ఉంటవా తాతా?" అన్నాను.

అంతే, హోమ్ నడిపే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "పెద్దాయనతో ఇలా గొడవపడతావా?" అని హిందీలో నన్ను కోప్పడింది.

మేం గొడవపడలేదు. నలభై ఏళ్ళు పవర్‌లూమ్‌ల మధ్య పనిచేసి తాతకు చెవులు పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే తలనొప్పి అంటాడు. అందుకే ఆయనతో అందరం గట్టిగానే మాట్లాడతాం. ఆ గొంతుని మా ఇంట్లో అరుపు అనరు, మాట అంటారు. ఇదంతా చెప్పినా ఆవిడ వినలేదు. "మావాళ్ళకు ప్రశాంతత కావాలి బేటా. వేరే చోట చూసుకోండి" అంది.

గేటు దగ్గర తాత అడిగాడు. "ఏమన్నది బిడ్డా? ఎప్పుడు రమ్మన్నది?"

మెల్లగా చెప్తే ఆయనకు వినపడదు. గట్టిగా చెప్తే హోమ్ అంతా వింటుంది. ఆటో ఎక్కమని సైగ చేశాను. ఇంటికొచ్చాక ఫోన్‌లో వేరే హోమ్‌లు వెతకడం మొదలుపెట్టాను.

సూరత్‌లో గట్టిగా మాట్లాడుకోనిచ్చే హోమ్ ఏదైనా ఉంటే చెప్పండి. రేపు పొద్దున క్లాసు మానేసి కోసాడ్‌లో ఇంకొకటి చూడబోతున్నాను. గది, భోజనం సంగతి తర్వాత. ముందు గుమ్మంలో నిలబడి మా ఇంటి గొంతుతో ఒక నమస్తే పెడతాను. ఎవరూ ఉలిక్కిపడకపోతే తాతను తీసుకెళ్తాను.